కృష్ణా డెల్టా కట్టడాల రాత్రి ఛాయాచిత్రణం

కృష్ణా డెల్టాలోని గుడులు, గుహలు, సమాధులు, ఆనకట్టల వంటి కట్టడాలను చీకటి పడ్డాక చేతిలో పట్టుకు తిరగగల ఫ్లాష్ దీపాలతో వెలిగించి ఫొటో తీసే విధానం ఈ వ్యాసానికి విషయం. కెమెరా స్టాండు మీద కదలకుండా నిలబడుతుంది. దీపం మాత్రం మనిషి చేతిలో తిరుగుతుంది. షట్టరు చాలాసేపు తెరిచే ఉంటుంది గనుక, ఒకే ఫ్లాష్‌ను పదిచోట్ల నుంచి పదిసార్లు కొట్టినా ఫొటోలో పది దీపాలు ఒక్కసారి వెలిగినట్టే పడుతుంది. స్టూడియోల వాళ్ళు దీన్ని ఓపెన్ ఫ్లాష్ అంటారు. టార్చి లాంటి ఆరకుండా వెలిగే దీపంతో గోడను తడుముతూ పోతే లైట్ పెయింటింగ్ అంటారు. వాడుకలో ఈ రెండు పేర్లూ కలగలిసిపోయాయి.

విజయవాడ చుట్టుపక్కల ఈ పనికి రెండు ప్రత్యేకతలున్నాయి. కొండను తొలిచిన గుహ, సున్నం పూసిన గోపురం, ఇనుప తలుపుల బ్యారేజీ, డచ్చివాళ్ళ సమాధి రాయి అన్నీ ఒక పూట ప్రయాణంలో దొరకడం మొదటిది. వాటిలో సగం ఇప్పటికే రంగురంగుల దీపాలతో వెలిగిపోతుండటం రెండోది. ఇక్కడి ఫొటోగ్రాఫరుకు దీపం సంపాదించడం తేలిక, చీకటి సంపాదించడమే కష్టం.

గుగ్గిలం నుంచి ఫ్లాష్ దాకా

చూడవలసిన దాని దగ్గరికి వెలుగును మోసుకెళ్ళడం ఈ సీమకు కొత్త కాదు. కూచిపూడి భాగవతులు రాత్రిళ్ళు ఊరి నడిబొడ్డున ఆడేటప్పుడు రెండు పక్కలా దివిటీలు పట్టించేవారు. ముఖ్యపాత్ర ప్రవేశించే వేళకు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచి, వేషగాడి కిరీటమూ కళ్ళూ ఒక్క క్షణం మెరిసి, మళ్ళీ మామూలు వెలుగు. దేవుడి ఊరేగింపులో దివిటీలు, పెళ్ళి ఊరేగింపులో తల మీద మోసే గ్యాస్ లైట్లు, ఆ తరవాత వీడియో కెమెరా వెనక కుర్రాడు ఎత్తి పట్టుకునే సన్‌గన్ లైటు అన్నీ ఆ వరసలోవే. డెల్టాలో ఫ్లాష్ పట్టుకోవడం బాగా వచ్చిన చేతులు చాలావరకు కల్యాణ మండపాల్లో నేర్చినవే. అయితే మండపంలో నేర్చిన అలవాటు ఒకటి కట్టడం దగ్గర మానుకోవాలి. ఫ్లాష్ కెమెరా నెత్తిన కూర్చుంటే పెళ్ళికూతురి మొహం బాగానే వస్తుంది, గుడి గోడ మాత్రం చదునుగా అట్టముక్కలా వస్తుంది.

కట్టడాల ఫొటోలు ఇక్కడ ఫ్లాష్ కంటే ముందే మొదలయ్యాయి. అమరావతి స్తూపంలో 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన శిల్పాలను, మద్రాసు ప్రెసిడెన్సీ ఫొటోగ్రాఫరు లినేయస్ ట్రైప్ 1858లో ఆ నగరంలోనే ఫొటోలు తీశాడు. అది పూర్తిగా పగటి పని. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో ఉండి ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కట్టడాల ఫొటోలకు పేరు పడ్డాడు. ఆయన బలమూ ఎండను చదవడంలోనే ఉంది.

వెలుగును వెంట తీసుకెళ్ళే ప్రయోగాలు అప్పటికి ఐరోపావాళ్ళు చేస్తున్నారు. పారిస్ భూగర్భ శ్మశానవాటికల్లో ఫ్రెంచి ఫొటోగ్రాఫరు నాడార్ 1861లో బ్యాటరీలతో విద్యుద్దీపం వెలిగించి ఫొటోలు తీశాడు. 1865లో ఖగోళ శాస్త్రజ్ఞుడు పియాజీ స్మిత్ ఈజిప్టు మహా పిరమిడ్ లోపల మెగ్నీషియం కాల్చి చిత్రాలు తీశాడు. ఒక చారిత్రక కట్టడాన్ని మోసుకెళ్ళిన వెలుగుతో చిత్రించిన తొలి సందర్భాల్లో అది ముఖ్యమైనది. 1887లో అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె అనే జర్మన్లు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్, ఆంటిమొనీ సల్ఫైడ్ కలిపి ఫ్లాష్ పొడి తయారుచేశారు. అదే ఏడాది జూన్ 27న బెజవాడలో బ్రిటిష్ అధికారి రాబర్ట్ స్యూయెల్ విక్టోరియా జూబిలీ మ్యూజియానికి పునాది రాయి వేశాడు. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు, కాని ఫ్లాష్ వయసూ మన మ్యూజియం వయసూ ఒకటేనని గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది.

ఫ్లాష్ పొడి పొగ చిమ్మేది, చేతులూ కాల్చేది. 1929లో జర్మనీలో గాజు బుడ్డిలో పెట్టిన ఫ్లాష్ బల్బు అమ్మకానికి వచ్చింది. ఒక్కో బల్బు ఒక్కసారే పనిచేస్తుంది. దాంతో చేయగలిగినదంతా చేసి చూపినవాడు అమెరికన్ ఫొటోగ్రాఫరు ఓ. విన్‌స్టన్ లింక్. 1955 నుంచి 1960 దాకా ఆవిరి ఇంజన్లను, వాటి పక్కనున్న స్టేషన్లను, ఇళ్ళను రాత్రిళ్ళు తీశాడు. 1956 నాటి ఒక చిత్రానికి నలభైకి పైగా బల్బులు ఒక్కసారిగా పేల్చాడు. సూర్యుణ్ణి తను జరపలేనని, రైలుపట్టాలనూ జరపలేనని, అందుకే రాత్రిని ఎంచుకున్నానన్నది ఆయన చెప్పుకున్న కారణం. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ అంతకు ముందే, 1930ల మొదట్లో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ చేతుల మీదుగా రూపుదిద్దుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానం నుంచి రాత్రి నిఘా చిత్రాలు తీయడానికి ఆయన తయారుచేసిన పెద్ద ఫ్లాష్‌ను 1944లో ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ మీద పరీక్షించారు. యుద్ధం పని మీద తీసినదైనా, పై నుంచి పడ్డ ఒక్క మెరుపులో ఆ రాళ్ళ పొడవాటి నీడలు గడ్డి మీద పరుచుకున్న ఆ ఫొటో కట్టడాల చిత్రాల్లో నేటికీ ఎత్తిచూపదగినది.

పని జరిగే తీరు

ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. షట్టరు రెండు సెకన్లు తెరిచినా, రెండు నిమిషాలు తెరిచినా ఆ మెరుపు ఫొటోలో ఒకేలా పడుతుంది. ఆకాశం, వీధిదీపాలు మాత్రం షట్టరు తెరిచి ఉన్నంతసేపూ పోగవుతూ ఉంటాయి. అందువల్ల ఫొటోగ్రాఫరు చేతిలో రెండు కుళాయిలు ఉన్నట్టు. అపర్చరుతో ఫ్లాష్ వెలుగును, షట్టరు కాలంతో చుట్టుపక్కల వెలుగును విడివిడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇది ఒంటబట్టినవాడికి మిగతాదంతా నడక, లెక్క.

లెక్క ఎలా ఉంటుందో మంగళగిరి గాలిగోపురం దగ్గర చూద్దాం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807–09 మధ్య లక్ష్మీనరసింహస్వామి గుడికి కట్టించిన ఈ పదకొండు అంతస్తుల గోపురం ఎత్తు 153 అడుగులు, అంటే దాదాపు 47 మీటర్లు. మంచి చేతి ఫ్లాష్ గైడ్ నంబరు, అంటే దాని బలాన్ని చెప్పే అంకె, ఐఎస్‌ఓ 100 దగ్గర 58 మీటర్లనుకుందాం. ఐఎస్‌ఓ 400కి మారిస్తే అది రెట్టింపై 116 అవుతుంది. ఎఫ్ 8 అపర్చరుతో భాగిస్తే 14.5 మీటర్లు. అంటే అంత దూరంలో ఉన్న గోడకు ఒక్క మెరుపు సరిపోతుంది. గోపురం మొదటికి 15 మీటర్ల దూరంలో వీధిలో నిలబడి కొడితే కింది అంతస్తుకు ఒక దెబ్బ చాలు. సగం ఎత్తుకు దూరం ఇంచుమించు 28 మీటర్లు. వెలుగు దూరం వర్గానికి తగ్గుతుంది కనుక అక్కడికి నాలుగు దెబ్బలు కావాలి. శిఖరం దగ్గరికి 49 మీటర్లు, పదకొండో పన్నెండో దెబ్బలు.

ఇంతా చేసి ఫొటో తెరమీద చూసుకుంటే గోపురం భయపెడుతుంది. కింది నుంచి పడ్డ వెలుగులో ప్రతి అంతస్తు చూరూ తన నీడను పైకి విసురుతుంది. పిల్లలు గడ్డం కింద టార్చి పెట్టుకుని దయ్యం మొహం చేసినట్టుంటుంది. మందు ఒకటే, దీపాన్ని ఎత్తుకు చేర్చడం. అందుకే అనుభవమున్నవాళ్ళు ముందురోజు పగలే వచ్చి ఎదురుగా ఎవరి డాబా ఉందో, వాళ్ళు మెట్లెక్కనిస్తారో లేదో కనుక్కుంటారు. రెండో దీపం ఆ డాబా మీదికి వెళుతుంది. షట్టరు తెరుచుకోగానే కెమెరా దగ్గరివాడు సెకన్లు బిగ్గరగా లెక్కపెడతాడు. డాబా మీదివాడు తన వంతు పై అంతస్తుల మీద కొడతాడు. కిందివాడు నల్లచొక్కా వేసుకుని, ఫ్లాష్ మొహం కెమెరా వైపు తిరగకుండా ఒంటిని అడ్డం పెట్టుకుని, గోడ పక్కగా నడుస్తూ ఒక్కో అంగకీ ఒక్కోటి కొట్టుకుంటూ పోతాడు. కదులుతున్న మనిషి ఫొటోలో పడడు, ఆగినవాడు మసకగా పడతాడు. మధ్యలో ఒక స్కూటరు వచ్చిందనుకోండి, అట్టముక్కతో లెన్సు మూసి అది పోయాక తీస్తారు. షట్టరు మూయరు. ఫ్లాష్ మళ్ళీ ఛార్జి కావడానికి దెబ్బకూ దెబ్బకూ మధ్య నాలుగైదు సెకన్లు పడుతుంది కనుక, ఒక్క ఫొటోకు రెండు నిమిషాలు ఇట్టే గడుస్తాయి. డిజిటల్ వచ్చాక ఒకే షట్టరులో అంతా ఇమడ్చాల్సిన అవసరం పోయింది. దెబ్బకొక ఫొటో తీసి కంప్యూటరులో పొరలుగా కలుపుకోవచ్చు. తప్పు జరిగితే ఆ ఒక్క పొరే పారేస్తారు. ఇది సుఖమే గాని, లెక్కపెట్టడం రాని తరాన్ని తయారుచేసిందనీ ఒప్పుకోవాలి.

కట్టడాలు, వాటి పేచీలు

ఉండవల్లి గుహాలయం ఈ పనికి పుట్టిన కట్టడమనిపిస్తుంది. విష్ణుకుండినుల కాలానికి చెందినదని చెప్పే ఈ నాలుగంతస్తుల గుహ తూర్పు ముఖంగా ఉంటుంది. మధ్యాహ్నం దాటితే ముఖభాగం నీడలో పడిపోయి పగటి ఫొటోగ్రాఫర్లను నిరాశపరుస్తుంది. సూర్యుడు గుహ వెనక దిగాక సంగతి తారుమారవుతుంది. కొండ పైన ఆకాశం నీలంగా నిలుస్తుంది, ముందు రాయి నల్లగా ఉంటుంది. ఆ నలుపు మీద ఎక్కడ ఎంత వెలుగు రాయాలో పూర్తిగా మన ఇష్టం. స్తంభాల వరసల వెనక, కెమెరాకు కనబడకుండా, ఒక్కో అంతస్తులో ఒక్కో ఫ్లాష్ కొడితే గుహ లోపల్నించి వెలిగినట్టు వస్తుంది. పైన బారుగా కూర్చున్న మునుల విగ్రహాలకు మాత్రం పక్క నుంచి రావాలి వెలుగు. లోపల అనంతశయనుడు అయిదు మీటర్లకు పైగా పొడవున పడుకుని ఉంటాడు. ఎదురుగా నిలబడి కొడితే మోకాళ్ళూ మొహమూ ఒకే తెలుపు. పాదాల వైపు నుంచి నేలబారుగా కొడితే శేషుడి చుట్టలు, స్వామి ఛాతీ, పడగలు ఒకదాని తరవాత ఒకటి లేచి నిలబడతాయి.

చిక్కల్లా వేళతోనే. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. ఇక్కడ సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు. అసుర సంధ్యలో ఆకాశమూ ఫ్లాష్ వెలుగూ సమతూకంగా కుదిరే సమయం ఇరవై నిమిషాలకు మించదు. ఉత్తర ఐరోపావాళ్ళు ఎండాకాలంలో గంటల తరబడి ఆ నీలపు వెలుగులో తాపీగా పనిచేసుకుంటారు. మనకు సాయంత్రానికి ఒక ఫొటో, మహా అయితే రెండు.

ప్రకాశం బ్యారేజీ మొత్తాన్ని ఫ్లాష్‌తో వెలిగిద్దామనుకోవడం దురాశ. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70, ఒక్కో గేటు వెడల్పు 40 అడుగులు. రెండు మూడు ఖానాలను మాత్రం ముందువరసలో పట్టుకుని, వాటి ఇనుమునూ రాతి స్తంభాలనూ ఫ్లాష్‌తో పైకి తెచ్చి, మిగతా బారునంతా దాని సొంత దీపాలకూ నీటిలో వాటి నీడలకూ వదిలేస్తే ఫొటో నిలుస్తుంది. గేట్లు ఎత్తినప్పుడు లేచే తుంపర ఫ్లాష్ వెలుగులో మంచుగడ్డల్లా తెల్లచుక్కలై లెన్సుకు అడ్డం పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దినప్పటి రాత్రులు తీయవలసిన ఫొటోలు వార్తల ఫొటోలు. ఫ్లాష్ పట్టుకుని నడిచే పని అప్పుడు ఎవరూ తలపెట్టకూడదు.

ఊరి నడుమనున్న బాపు మ్యూజియం ఇందాకటి విక్టోరియా జూబిలీ మ్యూజియమే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది ఇక్కడే. భట్లపెనుమర్రు వాడైన పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి అందించింది ఆ రోజుల్లోనే. పెంకులు, కమానులు, వరండాలు ఉన్న మోస్తరు భవనం. ఎత్తు తక్కువ కనుక రెండు చేతి ఫ్లాష్‌లకు లొంగుతుంది. కమానుల వెనక వరండాలో కాస్త వెచ్చని రంగు జెల్ కాగితం కట్టిన దీపం, బయటి గోడకు మామూలు తెల్లని దీపం పెడితే లోపల ఎవరో సమావేశమై ఉన్నారన్న భ్రమ కలుగుతుంది. భవనం అర్థాన్ని వెలుగుతో చెప్పడమంటే ఇంతకంటే పెద్ద విషయమేమీ కాదు.

గాంధీ కొండ మీది 52 అడుగుల స్తూపాన్ని 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుసేన్ ఆవిష్కరించారు. పైకెక్కితే ఊరంతా కాళ్ళ కింద మిణుకుమంటుంది. స్తూపానికి రెండు వైపుల నుంచి కాస్త ఫ్లాష్, వెనక ఊరికి ఇరవై సెకన్ల షట్టరు, పని అయిపోయినట్టే. ఇంద్రకీలాద్రి, ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్ళు జరిగే గుణదల మేరీమాత కొండ, 2024 జనవరి 19న స్వరాజ్ మైదానంలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం మరో కోవలోవి. అవి తమంతట తామే ధారాళంగా వెలిగిపోతాయి. అక్కడ చేతి ఫ్లాష్ ముందు నిలబడ్డ మనిషి మొహానికే పనికొస్తుంది. దసరాకు కృష్ణలో జరిగే హంసవాహన తెప్పోత్సవంలో అదీ అక్కరలేదు.

బందరు దారి పడితే వెలుగుల రద్దీ తగ్గుతుంది. డచ్చివాళ్ళు 1605లోనూ, ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. అక్కడి డచ్చి సమాధుల మీద వంశచిహ్నాలు, పొడవాటి రాతలు చెక్కి ఉన్నాయి. 1864 నవంబరు 1 నాటి తుఫానులో దాదాపు ముప్ఫై వేలమందిని పోగొట్టుకున్న ఊరది. ఉప్పుగాలికి అరిగిన ఆ రాళ్ళ రాత మధ్యాహ్నపు ఎండలో కనబడదు. రాత్రి రాయికి ఆనించినంత దగ్గరగా, నేలకు సమాంతరంగా ఫ్లాష్ పెట్టి కొడితే ప్రతి అక్షరం తన నీడను తానే గీసుకుంటుంది.

అడ్డవెలుతురులో అక్షరాలు

పైన చెప్పిన అడ్డవెలుతురు ఫొటో అందానికే గాక చదువుకూ అక్కరకొస్తుంది. శాసనాలు చదివేవాళ్ళు రాయి మీద తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి నకలు తీయడం పాత పద్ధతి. అక్షరం బాగా అరిగినచోట కాగితం పట్టుకోలేనిది పక్క నుంచి పడ్డ వెలుగు పట్టుకుంటుంది. తెలుగు పద్యచరిత్రలో మధ్యాక్కరలకు పేరుపడ్డ యుద్ధమల్లుని బెజవాడ శాసనం వంటివి పుట్టిన ఊళ్ళో ఈ సంగతి ఫొటోగ్రాఫర్లకు తెలిసి ఉండటం మంచిది.

2001లో హెచ్‌పీ ప్రయోగశాలల్లో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు దీన్నే గణితంగా మార్చారు. కెమెరాను కదపకుండా, ఫ్లాష్‌ను మాత్రం రాయి చుట్టూ రకరకాల కోణాల్లో పెట్టి నలభై యాభై ఫొటోలు తీస్తారు. కంప్యూటరు వాటన్నిటినీ కలిపి, తెర మీద దీపాన్ని మనకు కావలసిన వైపుకి తిప్పుకునే వీలు కల్పిస్తుంది. పరికరాల ఖర్చు భయపెట్టేది కాదు. నల్లగా నిగనిగలాడే ఒకటి రెండు గోళీలు రాయి పక్కన పెడితే, వాటి మీద పడ్డ మెరుపుచుక్కను బట్టి దీపం ఎటువైపుందో కంప్యూటరే కనుక్కుంటుంది. దూరం మారకుండా ఉండటానికి ఫ్లాష్‌కు ఒక దారం కట్టి, కొసను రాయి మధ్యకు ఆనించి, బిగుతుగా లాగి, దారం పక్కకు తీసి కొడతారు. పెళ్ళి ఫొటోల ఫ్లాష్ ఒకటి, కట్టపురికొస ఒకటి, రెండు గోళీలు, ఒక అమావాస్య రాత్రి ఉంటే చాలు.

పరాయి వెలుగు

ఫ్లాష్ వెలుగు రంగు ఇంచుమించు 5,500 కెల్విన్లు, పగటి తెలుపు. పాత సోడియం వేపర్ వీధిదీపం 2,000 పైచిలుకు, ముదురు నారింజ. ఆ రోజుల్లో ఫ్లాష్ మీద నారింజ జెల్ కాగితం ఒకటి అంటిస్తే రెండూ కలిసిపోయేవి. ఇప్పుడు వీధిదీపాలు ఎల్‌ఈడీలయ్యాయి. తెల్లనివి కనుక ఫ్లాష్‌తో సఖ్యంగానే ఉంటాయి. గొడవంతా అలంకరణ దీపాలతో. గోపురం మీద ఒక పక్క ఊదా, మరో పక్క ఆకుపచ్చ, అవీ రెండు క్షణాలకోసారి మారిపోతూ ఉంటే రాతి రంగు ఏమిటో చూసేవాడికి తెలియదు. రాయికి రంగంటూ ఒకటుందని, సున్నానికి ఒక తెలుపుందని చూపించడానికే చాలామంది ఫ్లాష్ పట్టుకు తిరుగుతున్నారు. ఒకప్పటి కరెంటు కోతలు ఊరందరినీ ఏడిపించినా రాత్రి ఫొటోగ్రాఫరుకు మాత్రం మేలే చేశాయి. ఏ వేళకు పోతుందో, ఎంతసేపు పోతుందో ముందే తెలిసేది.

చీకటిని అడిగి తెచ్చుకుని, వెలుగును జనం చేత పట్టించిన ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలోని రాచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థది. ఫ్లాష్ బల్బుల కంపెనీ సిల్వేనియా ఒకప్పుడు తీయించిన భారీ చిత్రాల స్ఫూర్తితో అక్కడి అధ్యాపకులు 1987లో బిగ్ షాట్ అనే పని మొదలుపెట్టారు. ఒక ఆసుపత్రి భవనం బయట దీపాలన్నీ ఆర్పించి, షట్టరు తెరిచి, వచ్చినవాళ్ళందరి చేతా తలా ఒక ఫ్లాష్ కొట్టించారు. ఆ తరవాత స్టాక్‌హోమ్ రాజప్రాసాదం, డుబ్రోవ్నిక్ పాతకోట గుమ్మం, టెక్సస్‌లోని ఫుట్‌బాల్ స్టేడియం దాకా వెళ్ళారు. 2013 నాటి స్టేడియం ఫొటోకు రెండువేల మందికి పైగా దీపాలు పట్టుకొచ్చారు. ఆ ఫొటోల అందం కంటే, కట్టడం తమదనుకునేవాళ్ళే దాన్ని వెలిగించడం గొప్పది. కార్తీక పౌర్ణమి రాత్రి శివాలయాల్లో దీపం పెట్టడానికి వరస కట్టే జనానికి ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు.

గాలి, తేమ, పురుగులు

డెల్టా గాలి ఫ్లాష్‌కు నమ్మదగిన చుట్టం కాదు. మార్గశిర, పుష్య మాసాల్లో కృష్ణ మీద, ఊరి గుండా పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువల మీద మంచు పరుచుకుంటుంది. దీపం కెమెరా పక్కనుంటే ఆ మంచే వెలిగి కట్టడాన్ని మింగేస్తుంది. దీపాన్ని కట్టడం వెనక్కో పక్కకో తీసుకెళ్ళి కొడితే అదే మంచు వెలుగుచారల్ని పట్టి చూపిస్తుంది. ఏసీ కారులోంచి తీసిన లెన్సు బయటి తేమకు వెంటనే ఆవిరి పట్టేస్తుంది. సంచిలోనే అరగంట బయటపెట్టి ఉంచాలి.

మేలో బాధ వేరు. బెజవాడను బ్లేజ్‌వాడ అని వేళాకోళం చేసేది ఊరికే కాదు. కొండరాయి రాత్రి తొమ్మిదింటికీ వేడి కక్కుతూనే ఉంటుంది. పూర్తి బలంతో వరసగా ఇరవై ముప్ఫై దెబ్బలు కొట్టేసరికి ఫ్లాష్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. సగం బలంతో రెట్టింపు దెబ్బలు కొట్టడం మేలు.

తొలకరి పడ్డ సాయంత్రం పని పెట్టుకోకపోవడమే మంచిది. ఆ రాత్రి ఉసిళ్ళు లేస్తాయి. ఫ్లాష్‌కు ఉండే చిన్న గురి దీపం వెలిగితే చాలు, అద్దం మీద గుప్పెడు రెక్కలు. షట్టరు తెరిచి ఉన్న రెండు నిమిషాల్లో లెన్సు ముందు ఎగిరిన ప్రతి పురుగూ దెబ్బ పడినప్పుడల్లా ఒక తెల్లచుక్కవుతుంది. మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుని ఆ చుక్కలు ఒక్కొక్కటే చెరుపుకోవాలి. గుహల్లో గబ్బిలాలుంటే దెబ్బల సంఖ్య తగ్గించడం మర్యాద.

అనుమతులు

ఉండవల్లి గుహలు, మచిలీపట్నం డచ్చి సమాధులు 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఇటువంటి చోట్ల ప్రవేశం సాధారణంగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే. స్టాండు, అదనపు దీపాలు తీసుకెళ్ళాలంటే ముందుగా రాతపూర్వకంగా అడగాలి. గుడుల సంగతి దేవాదాయ శాఖదీ, ఆయా ఆలయాలదీ. గర్భగుడి వైపు కెమెరా తిప్పకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్యారేజీ జలవనరుల శాఖ చేతిలో ఉంది, పోలీసు నిఘా ఉంటుంది. దీపాన్ని డ్రోనుకు కట్టి ఎగరేసే కొత్త పద్ధతికి 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. గన్నవరం విమానాశ్రయం దగ్గర్లోనే ఉన్న సంగతి మరవకూడదు. మ్యూజియాల లోపల ఫ్లాష్ కొట్టనివ్వరు, బయటి గోడలకైతే వినతి పెట్టుకోవచ్చు.

కాగితాలన్నీ చేతికొచ్చాక కూడా వెళ్ళి కలవవలసిన మనిషి ఒకరు మిగులుతారు, ఆ కట్టడం దగ్గర రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్. అతను తిరుగుతూ వేసే టార్చి మన ఫొటోలో అడ్డదిడ్డంగా గీతలు గీస్తుంది కనుక ముందుగా మాట్లాడుకోవాలి. ఒక టీ ఇప్పించి, ఏం చేయబోతున్నామో చూపించి, మొదటి దెబ్బ అతని చేతే కొట్టిస్తే ఆ రాత్రికి అతనే మూడో అసిస్టెంటు. పైగా ఆవరణలోని ఫ్లడ్‌లైట్ల స్విచ్చు ఏ గదిలో ఏ తలుపు వెనక ఉందో తెలిసినవాడు అతనొక్కడే.